మధ్యమధ్య ఖాళీ ఫోల్డర్లు

కళ్ళ సంగతి ఆమె ముందే ఎవరి చెవినైనా వేసి ఉంటే మేలు జరిగేదా, కీడు జరిగేదా? చెప్పి ఉంటే ఆమె మరిది ఆ ఖాళీ ఫోల్డర్ల జోలికి పోయేవాడు కాదు, దర్జీ రిపోర్టు తారుమారయ్యేదీ కాదు. చెప్పి ఉంటే ఆ కుర్చీలో అన్నేళ్ళు ఆమెను కూర్చోనిచ్చేవాళ్ళూ కాదు. ఎటు తిప్పి పట్టుకున్నా ఒక చెయ్యి కాలుతూనే ఉంటుంది. ఇది రాసేనాటికి కూడా జవాబు దొరకలేదు. జరిగింది మాత్రం ఇదీ.

స్కానింగ్ సెంటరులో అందరూ ఆమెను టైపక్క అనేవారు. మేడమీద ఒక చిన్న గది. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. గోడ మీద నీళ్ళ పైపు కారి పచ్చగా పాకుడు పట్టి ఉంటుంది. ఆ గదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను, కాలికింద ఒక పెడలు. కిందగదిలో డాక్టరుగారు ఫిల్ములు చూస్తూ నోటితో చెప్పినదంతా రికార్డయి ఆమె చెవుల్లోకి వస్తుంది. పెడలు తొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. విన్నది విన్నట్టు టైపు చేసి, అచ్చు తీసి, కిందికి పంపించడం ఆమె పని. డాక్టరుగారికి మధ్యలో దగ్గే అలవాటుంది. ఆ దగ్గు ఎక్కడ వస్తుందో, దాని తర్వాత మాట మారుస్తారో లేదో కూడా ఆమెకు తెలుసు. అక్షరాలు ఆమె వేళ్ళకు కొట్టిన పిండి. మీటల వంక చూడాల్సిన అవసరం పెళ్ళికి ముందే తీరిపోయింది.

అందుకే చూపు పోతున్నా చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

అది ఒక్కసారిగా పోలేదు. చూసినచోటే బూడిదరంగు మచ్చ ఒకటి వచ్చి కూర్చుంది. పక్కలు బాగానే ఉన్నాయి. తలుపు అంచు కనపడుతుంది, మెట్టు అంచు కనపడుతుంది, రోడ్డు దాటగలదు. కానీ మొహం చూద్దామంటే మొహమే ఉండదు, అక్షరం చూద్దామంటే అక్షరమే ఉండదు. రెండు వీధుల అవతల ఉన్న కంటిడాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. పోయింది తిరిగి రాదని, మిగిలిన అంచులు మిగిలే ఉంటాయని ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఆమె నెమ్మదిగానే విని, ఇంటికొచ్చి, అన్నం వండింది.

మొహం కనపడాలంటే ఎదుటివాళ్ళ చెవి వైపు చూడాలని ఆమె కనిపెట్టుకుంది. అలా చూస్తే పక్కనుంచి ముక్కూ నోరూ కాస్త ఆనుతాయి. కింద కౌంటరులో డబ్బు కట్టించుకునే ఆవిడ నోరున్న మనిషి. ఒకరోజు అననే అంది.

"ఏంటక్కా, ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే నా కమ్మల వంక చూస్తావు? మనసుపడితే చెప్పు, తీసిచ్చేస్తా. ఇత్తడివేలే."

"ఇత్తడైతే నువ్వే ఉంచుకో. బంగారువి చేయించుకున్నాక చూద్దాం."

"అప్పటిదాకా బతికుండాలిగా ఇద్దరం," అని ఆవిడ నవ్వింది. టైపక్క కూడా నవ్వి, గోడ పట్టుకోకుండా మెట్లెక్కింది.

ఎందుకు దాచింది అంటే, అత్తగారు. ఆమె కాపురానికొచ్చేసరికే అత్తగారి చూపు మందగించింది. చివరి ఏళ్ళలో పూర్తిగా పోయింది. ఆ ముసలావిడకు చెవులు శుభ్రంగా వినపడేవి. అయినా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆవిడతో అరిచి మాట్లాడేవాళ్ళు. ఆవిడ కూర్చునే పీట, నీళ్ళచెంబు, చెప్పులు, అన్నీ ఆవిడ మేలుకోరే ఎవరో ఒకరు రోజూ సర్దేవారు. సర్దిన ప్రతిసారీ ఆవిడ గాల్లో చేతులాడించి వెతుక్కునేది. చివరికి వెతకడం మానేసింది. మూలగదిలో మంచం మీద కూర్చుని, ఎవరైనా అన్నం పెడితే తినేది, లేకపోతే లేదు. "నేనొకప్పుడు ఈ ఇల్లు నడిపాను కదే అమ్మాయ్," అని ఒకసారి కోడలితో అంది. అడిగినట్టు అంది, చెప్పినట్టు కాదు. ఆవిడ పోయాక ఆ మూలగదిలో పాత సామాను పడేశారు. టైపక్క ఆ గది తలుపు ముందునుంచి వెళ్ళేటప్పుడల్లా నడక పెంచేది.

టైపు చేయడానికి కళ్ళక్కరలేదు. కష్టమల్లా సరైన ఫారం తెరవడంలోనే. ఛాతీకి ఒక ఫారం, పొట్టకొకటి, మోకాలు లాంటి ఎముకలకొకటి, తలకొకటి. ప్రతి ఫారంలోనూ అంతా బాగానే ఉన్నట్టు ముందే రాసిపెట్టి ఉంటుంది. తేడా ఉన్నచోట ఆ మాట తీసి డాక్టరు చెప్పిన మాట పెట్టాలి. తెరమీద ఆ ఫారాల పేర్లు మచ్చలో మునిగిపోక ముందే, కాస్తో కూస్తో ఓరగా చదవగలిగిన రోజుల్లోనే, మధ్యాహ్నం పని తెరిపి ఇచ్చినప్పుడల్లా కూర్చుని స్టార్ట్ మెనూ సర్దుకుంది.

అంతకుముందు ఆ మెనూ సంతలా ఉండేది. ఎప్పుడో ఎవరో వేసి వదిలేసిన ఆటలు, ప్రింటరు తాలూకు ముక్కలు, ఎవరూ తెరవని సహాయపు పేజీలు. అన్నీ ఏరి పారేసింది. పైన ఛాతీ షార్ట్‌కట్టు, దానికింద పొట్ట, ఆ కింద ఎముకలు, అట్టడుగున తల. తమంతట తాము చోటు మారకుండా ఒక్కోదానికి ముందు ఒక అంకె తగిలించింది. ఆ పైన, ఎవరికీ తట్టని పని ఒకటి చేసింది. ఒక్కో షార్ట్‌కట్టుకీ మధ్య ఒక ఖాళీ ఫోల్డరు పెట్టింది. పేరు లేదు, అంకె ఒక్కటే. లోపల ఏమీ లేదు. పొలానికీ పొలానికీ మధ్య గట్టు లాంటిది. వేలు ఒక నొక్కు అటో ఇటో జారితే ఒకరి ఛాతీలోంచి ఇంకొకరి పొట్టలో పడకుండా, ఆ గట్టు మీద పడుతుంది. అప్పుడు ఏదీ తెరుచుకోదు. మీట నొక్కినా ఫారం రాకపోతే తప్పటడుగు పడిందని తెలిసి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకునేది. కింది బాణం మీట ఒకటో నొక్కు ఛాతీ, మూడో నొక్కు పొట్ట, ఐదో నొక్కు ఎముకలు. అంతే. చీకట్లో ఉప్పుడబ్బా చేతికి తగిలినట్టు తగిలేవి.

కంప్యూటర్లు బాగుచేసేవాడు ఆమె మరిదే. ఆమె కాపురానికొచ్చినప్పుడు బడికెళ్ళే పిల్లవాడు. తల దువ్వింది ఆమె, పలక కడిగింది ఆమె. పెద్దవాడై పని నేర్చుకున్నాక, డాక్టరుగారికి ఒక మాట చెప్పి ఆ సెంటరు పని ఇప్పించింది కూడా ఆమే. ఆమె మెనూ చూసినప్పుడల్లా వాడికి చెయ్యి దురద పెట్టేది. ఇంటికొచ్చాక కూడా అదే గొడవ.

"అదేం సర్దుడు వదినా? సగం ఫోల్డర్లలో గాలి తప్ప ఏం లేదు. ఎవరైనా చూస్తే, మరిది కంప్యూటరువాడై ఉండి ఇలా ఉంచాడేంటంటారు."

"అననీ. కావాలంటే మీ అన్నని తీసుకుపో, ఇచ్చేస్తా. నా మెనూ ముట్టుకున్నావా, చెయ్యి విరుస్తా."

"ఆయన్నెవరు తీసుకుంటారు వదినా, పాత మోడలు. విడిభాగాలు కూడా దొరకవు."

బస్సుడిపోలో టైర్లు మార్చే ఆ పాత మోడలు పక్కగదిలో ఉండి అంతా విని, దగ్గినట్టు నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వులకు లోటు లేదు. లోటల్లా చెప్పుకోవడంలోనే.

కంప్యూటరు మెల్లగా మొరాయించడం మొదలుపెట్టింది. డాక్టరుగారు మరిదిని పిలిచి శుభ్రం చేయమన్నారు. సెంటరుకు సెలవురోజు చూసుకుని వాడొక్కడే వెళ్ళి పొద్దుపోయేదాకా పనిచేశాడు. పాత చెత్తంతా ఊడ్చాడు. తిరిగి ఇంటికొచ్చాక ఆమె అడిగిన మొదటి మాట అదే.

"మెనూ ముట్టుకోలేదుగా?"

"ఒక్కటి కూడా కదపలేదు వదినా. ఛాతీ చోట ఛాతీ, పొట్ట చోట పొట్ట, ఎక్కడివక్కడే. నీ మీద ఒట్టు."

అబద్ధం చెప్పలేదు వాడు. ఖాళీ ఫోల్డర్లు మాత్రం తీసేశాడు. లేనిదాన్ని తీసేస్తే అది ముట్టుకోవడం ఎలా అవుతుందని వాడి లెక్క. గట్లు తీసేసి, పొలాలన్నీ అలాగే ఉన్నాయని ఒట్టు వేసినట్టయింది.

మర్నాడు పొద్దున వచ్చినవన్నీ ఛాతీలే. ఒకటో నొక్కు, ఛాతీ. అంతా సవ్యంగా జరిగింది. కంప్యూటరు చురుగ్గా నడుస్తోందని ఆమె మనసులో మరిదిని మెచ్చుకుంది కూడా. ఆ తర్వాత ఒక దర్జీ పొట్ట స్కాను వచ్చింది. చెవిలో డాక్టరుగారి గొంతు కాస్త బరువుగా ఉంది. కుడి కిడ్నీ పక్కన గడ్డ ఉంది, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి అని చెప్పి, దగ్గి, మాట మార్చకుండా ముగించారు. ఆమె మూడు నొక్కులు నొక్కింది. అక్కడిప్పుడు ఎముకలున్నాయి. ఫారం తెరుచుకుంది. తెరుచుకుంది కాబట్టి అనుమానం రాలేదు. డాక్టరు చెప్పినదంతా టైపు చేసింది. పొట్ట ఫారంలో చివరి గడి ఎక్కడుందో వేళ్ళకు తెలుసు. ఎముకల ఫారంలో ఆ చోట వేరే గడి. ముగింపు గడిలో ముందునుంచీ ఉన్న తేడా ఏమీ లేదన్న మాట ఉన్నట్టే ఉండిపోయింది. ఆ కాగితం, దాని తర్వాత కాగితాలు, కిందికెళ్ళి సంతకాలై, కవర్లలో పడి, ఎవరి ఇళ్ళకు అవి పోయాయి.

ఆ మర్నాడు దర్జీ కౌంటరు ముందు నిలబడ్డాడు.

"పొట్టకి తీశారు, మోకాలు బాగుందని రాశారు. మోకాలి సంగతి నేనెవర్నడిగానమ్మా? మిషను తొక్కే కాలు, బాగుందని నాకు తెలియదా?"

కౌంటరావిడ కాగితం చూసి పకపకా నవ్వింది. వరసలో ఉన్నవాళ్ళూ నవ్వారు. దర్జీ కూడా నవ్వాడు.

"కింద తేడా ఏమీ లేదని ఉంది కదా, అదొక్కటే చూసుకుని నిన్న ఇంట్లో అందరికీ చెప్పేశాను. ఇవాళ మా డాక్టరు పై నుంచి చదివి, మాట్లాడకుండా మళ్ళీ ఇక్కడికి పంపించాడు."

కౌంటరావిడ పైనుంచి చదవడం మొదలుపెట్టింది. కిడ్నీ దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. దర్జీ ఇంకా ఆమె మొహంలోకి నవ్వుతూనే చూస్తున్నాడు.

డాక్టరుగారు అతన్ని లోపల కూర్చోబెట్టి, తలుపు వేసి, చాలాసేపు మాట్లాడారు. అతను బయటికొచ్చి, ఎవరి వంకా చూడకుండా, కవరు రెండు చేతులతో పట్టుకుని వెళ్ళాడు. ఆ తర్వాత అతని సంగతి ఏమైందో ఆ సెంటరులో ఎవరికీ తెలియదు.

ముందురోజు కవర్లన్నీ ఫోన్లు చేసి వెనక్కి రప్పించారు. ఐదో నొక్కు మెనూ చివర దాటి మళ్ళీ మొదటికి తిరగడంతో ఎముకల రిపోర్టులు ఛాతీ ఫారాల్లో ఉన్నాయి. తప్పు కంప్యూటరుదే అనుకుని డాక్టరుగారు మరిదిని పిలిపించారు. టైపక్కని కూడా కిందికి పిలిచారు.

"మెషీనులో ఏం మార్చావయ్యా?"

"ఏం మార్చలేదు సార్. శుభ్రం చేశాను. మెనూలో ఖాళీ ఫోల్డర్లుంటే తీసేశాను, అంతే. వాటిలో ఏం లేదు సార్, కావాలంటే చూపిస్తా."

ఆ మాట వినగానే ఆమెకు అర్థమైంది. వాడికింకా అర్థం కాలేదు. అక్కడే నోరు విప్పితే తప్పు వాడి నెత్తిన పడుతుంది, కళ్ళ సంగతీ బయటపడుతుంది. విప్పకపోతే రేపు ఇంకెవరో దర్జీకి ఇదే గతి. మింగలేక కక్కలేక చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఇది ఒకసారి చదవండమ్మా," అని డాక్టరుగారు దర్జీ రిపోర్టు నకలు ఆమె చేతికిచ్చారు.

ఆమె అందుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, చదివింది. "పొట్ట స్కాను. లివరు పరిమాణం సరిగా ఉంది..." ఎక్కడా తడబడలేదు. కిడ్నీ, పక్కన గడ్డ, దాని కొలత, పెద్దాసుపత్రి. నిన్న చెవిలో విన్నదంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"పైన ఏముందో ఇంకోసారి చూడండి."

ఆమె కాగితాన్ని పక్కకు జరిపి, తల వంచి, కంటి అంచులోకి తెచ్చుకోవడానికి చూసింది. తెల్లగా ఒక అలుకు, నల్లగా ఒక గీత. "పొట్టేనండి," అంది.

మరిది ఆ కాగితం వంక చూశాడు. దాని మీద మోకాలు అని ఉంది. వాడు ఆమె మొహంలోకి చూశాడు. ఆమె కళ్ళు డాక్టరుగారి చెవి దగ్గర ఆగి ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడ్డ కౌంటరావిడ చేయి తనంతట తానే చెవి కమ్మ మీదికి వెళ్ళింది.

"మీరు సంతకం పెట్టేముందు చదవరా డాక్టరుగారూ?" అని టైపక్కే అడిగింది. నిష్ఠూరంగా కాదు, తెలుసుకుందామని.

"మీరు టైపు చేసింది నేనెప్పుడు చదివానమ్మా," అన్నారాయన. "చదవాల్సిన పని ఎప్పుడూ పడలేదు."

మెట్ల దగ్గర మరిది ఆమెను పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి వదినా?"

"చాలాకాలం నుంచి."

"నాకొక్క మాట చెప్పి ఉంటే..."

"ఏం చేసేవాడివి?"

"ఏదో ఒకటి చేసేవాణ్ణి. నేను పరాయివాణ్ణా?"

"మీ అమ్మకు కూడా ఎవరూ పరాయివాళ్ళు కాదు నాయనా," అంది. ఆ మాట అన్నాక వాడి తల మీద చెయ్యి వేద్దామనుకుంది గానీ, వాడు ఎటువైపు జరిగాడో తెలియక చెయ్యి మళ్ళీ కొంగులో దాచుకుంది.

ఆ రోజే వాడు అన్నకు చెప్పేశాడు. కడుపులో దాచుకోలేకపోయాడు. టైపక్క ఇంటికి వెళ్ళేసరికి ముందుగదిలో బల్ల లేదు. తగులుతుందని ఆయన పక్కకు లాగేశాడు. బల్ల అంచు పట్టుకుని వంటింట్లోకి మలుపు తిరగడం ఆమెకు అలవాటు. చెయ్యి గాల్లో ఆడింది. ఆయన పరుగున వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇటు, ఇటు రా," అన్నాడు పెద్ద గొంతుతో. ఎన్నడూ ఆ ఇంట్లో గొంతెత్తని మనిషి.

"నాకు వినపడుతుందండీ," అంది ఆమె.

డాక్టరుగారు మంచి మనిషి. పని మానమనలేదు. టైపు చేసిన ప్రతి కాగితం ఇకమీదట కౌంటరావిడ చదివి చూసి, తర్వాత తాను చదివి, సంతకం పెడతానన్నారు. కౌంటరావిడ ఆ రోజు నుంచి జోకులు మానేసింది. "మెట్టుందక్కా, మెట్టు, జాగ్రత్త," అంటూ ఎదురొచ్చేది. అన్నేళ్ళుగా ఎక్కుతున్న మెట్టే అది. ఎవరో ఒక మెత్తటి దిండు తెచ్చి కుర్చీలో వేశారు. దాంతో కుర్చీ ఎత్తు మారి, కాలికి పెడలు సరిగా అందడం మానేసింది. టైపక్క దిండు తీసి కిందపెట్టేది. మర్నాటికి అది మళ్ళీ కుర్చీలో ఉండేది.

మరిది తీసేసిన ఫోల్డర్లన్నీ అంకెలతో సహా మళ్ళీ పెట్టేశాడు. ఒకటి కూడా తప్పిపోకుండా పెట్టాడు. ఆమె నొక్కి చూసుకుంది. గట్లు గట్లలాగే ఉన్నాయి. ఆ రోజంతా ఒక్క తప్పూ రాలేదు. అయినా వెనకాల ఎవరో ఒకరు నిలబడి చదువుతుంటే, ఒక్కో అక్షరం కొట్టేముందు వేలు ఆగుతోంది. ఇంతకుముందు ఆగేది కాదు.

వాడికి అంతటితో మనసు ఒప్పలేదు. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఏదో కొత్తది తెచ్చి కంప్యూటరులో వేశాడు. తెరమీద ఎక్కడికెళ్తే అక్కడున్న పేరు కంప్యూటరే చదివి చెబుతుందట. "ఇక నువ్వు లెక్కపెట్టుకోనక్కర్లేదు వదినా," అన్నాడు. మొహం చూడలేకపోయినా ఆ గొంతులో ఎంత ఆశ ఉందో ఆమెకు వినపడింది. కాదనలేకపోయింది.

మీట నొక్కింది. కంప్యూటరు ముక్కుతో మాట్లాడినట్టు, గదంతా వినపడేలా చదివింది.

"ఒకటి. ఛాతీ."

ఇంకో నొక్కు.

"రెండు. ఖాళీ."

రిపోర్టు కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డవాళ్ళు తలలు లోపలికి పెట్టి చూశారు. కౌంటరావిడ కింద ఎవరికో ఫోనులో చెప్పేది ఆపి పైకి చెవి ఒగ్గింది. ఆమె వేలు అలవాటుగా ఇంకోటి నొక్కింది, ఇంకోటి నొక్కింది.

"మూడు. పొట్ట. నాలుగు. ఖాళీ."

"గొంతు హెడ్‌ఫోనులోకి రావట్లేదు, బయటికొస్తోంది. ఉండు వదినా, వైరు మారుస్తా," అని మరిది బల్లకిందికి దూరాడు. వైర్ల చిక్కులో వాడి భుజాలు మాత్రం కనపడుతున్నాయి. చెవిలో డాక్టరుగారి గొంతు మాట మధ్యలో ఉంది. ఆమె పెడలు మీంచి కాలు తీసింది. గొంతు ఆగిపోయింది. హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. దిండు తీసి కింద పెట్టలేదు. సంచీ భుజానికి తగిలించుకుంది.

గుమ్మంలో ఉన్నవాళ్ళు దారి ఇచ్చారు. ఆమె మెట్లు దిగింది. కౌంటరావిడ ఎవరికో చిల్లర లెక్కపెడుతూ, టైపక్క చీర అటు కదిలిందని చూసి, నీళ్ళు తాగడానికి వెళ్తోందనుకుంది. డాక్టరుగారి తలుపు వేసే ఉంది. ఆ తలుపు ముందు టైపక్క ఒక్క క్షణం నిలబడింది, కొట్టలేదు. వీధి తలుపు అంచు కంటి పక్కన వెలుతురుగా కనపడింది. అటు నడిచింది.

పైన బల్లకింద నుంచి మరిది అడుగుతూనే ఉన్నాడు. "ఇప్పుడు వినపడుతోందా వదినా? ఇప్పుడు?"